సేఫ్టీ వైరు తిరగేసి కట్టినవాడి కృతజ్ఞతలు

గత శని, ఆదివారాల్లో నారింజ రంగు జాకెట్టు వేసుకుని, ప్రతి మలుపులోనూ అందరికంటే వెనక కనిపించిన 74వ నంబరు బండి నాదే. అది నా మొదటి మోటారుసైకిల్ రేసు. ఆ రెండు రోజుల్లో నాకు సాయం చేసినవారిలో సగం మంది పేర్లు నాకు తెలియవు. హెల్మెట్ తీసి ఎదురుపడితే గుర్తుపట్టగలనో లేదో కూడా చెప్పలేను. అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మీ సంగతి వచ్చినప్పుడు అది మీరేనని మీకు ఎలాగూ తెలుస్తుంది.

మొదటి దండం, నన్ను వెనక్కి పంపిన పెద్దాయనకు.

శనివారం పొద్దున్నే తనిఖీ వరుసలో నిలబడినప్పుడు నాకు కాస్త గర్వంగానే ఉంది. హెడ్‌లైటు, అద్దాలు, ఇండికేటర్లు, సైడు స్టాండు అన్నీ విప్పేసి వచ్చాను. రేడియేటర్‌లో కూలెంట్ తీసేసి మామూలు నీళ్లు పోశాను. కూలెంట్‌లో ఉండే గ్లైకాల్ ట్రాక్ మీద పడితే నూనెలా జారుతుంది, నీళ్లయితే కాసేపటికి ఆరిపోతాయి. ఇలాంటివన్నీ నెల రోజుల పాటు చదివి కంఠస్థం చేశాను. ఆయిలు డ్రెయిన్ బోల్టు తలకు సన్నని రంధ్రం వేయడానికి మూడు డ్రిల్లు బిట్లు విరగ్గొట్టుకున్నాను కూడా. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, ఆ బోల్టుకు కట్టిన వైరును వేలితో తంబూరా తీగలా మీటారు. "బాబూ, ఈ బోల్టు ఎటు తిప్పితే ఊడుతుంది?" అని అడిగారు. చూపించాను. "మరి నీ వైరు ఎటు లాగుతోంది?"

అటే లాగుతోంది.

సేఫ్టీ వైరు పని ఒక్కటే: ఇంజిను అదురుకు బోల్టు వదులవబోతే, దాన్ని బిగుసుకునే వైపు లాగి పట్టుకోవడం. నేను దాన్ని ఊడే వైపుకు కట్టాను. అసలు వైరే లేకపోయినా ఇంతకంటే నయం. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. తనిఖీలో పాసయిన బండికి అంటించే స్టిక్కరు మాత్రం ఇవ్వకుండా "సరిచేసుకుని రా, నేను ఇక్కడే ఉంటాను" అన్నారు. ఆ క్షణంలో మనసులో ఆయన్ని ఏమని తిట్టుకున్నానో ఇక్కడ రాయను. ఆయిలు కారడం మొదలైతే ముందు తడిసేది నా వెనక చక్రమే, ఆ తర్వాత నా వెనక వచ్చేవాళ్ల దారి. అయ్యా, ఆ తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

నా మొహం చూసి కాబోలు, ప్యాడాక్‌లో, అంటే బండ్లు నిలిపి సిద్ధం చేసుకునే ఆవరణలో, పక్క డేరాలో ఉన్న అన్న పిలవకుండానే లేచి వచ్చాడు. చేతిలో వైరు మెలితిప్పే శ్రావణం. 0.8 మిల్లీమీటర్ల స్టీలు వైరును రంధ్రంలో దూర్చి, రెండు కొసలనూ శ్రావణంతో పట్టి, దాని వెనక గుబ్బను ఒక్కసారి లాగాడు. గిర్రున తిరిగి, అల్లిన జడలా సెంటీమీటరుకు మూడు మెలికలు, ఒకదాని పక్కన ఒకటి పడ్డాయి. తర్వాత దాన్ని నిర్దాక్షిణ్యంగా కత్తిరించేసి, "ఇప్పుడు నువ్వు" అని శ్రావణం నా చేతికిచ్చాడు. నాలుగోసారికి నాదీ నిలబడింది. కొసను లోపలికి వంచమని చెప్పి, ఎందుకో చెప్పకుండా తన అరచేతిలో పాత గీతలు చూపించాడు. ఆయిలు ఫిల్టరుకు బిగించే పట్టీ కూడా తన పెట్టెలోంచే తీసిచ్చాడు. అన్నా, స్టిక్కరు పడింది నా బండి మీద, కానీ అది నీ స్టిక్కరు.

ప్రాక్టీసు సంగతి తొందరగా చెప్పి ముగిస్తాను, ఎందుకంటే అందులో నేను గొప్పగా చేసిందేమీ లేదు. రెండో సెషన్, రెండో ల్యాపు. మా ట్రాక్‌లో మలుపులు ఎక్కువగా కుడివైపువే. కుడి మలుపుల్లో బండి బాగా కుదురుకుంటోందని ధైర్యం వచ్చింది. చాలాసేపటికి ఒక ఎడమ మలుపు వచ్చింది. టైరు కుడి అంచు వేడెక్కింది గానీ, ఎడమ అంచు నేలను తాకనే లేదు కదా, అది చల్లగానే ఉంది. ఈ సంగతి నాకు కాగితం మీద తెలుసు. జర్మనీలోని సాక్సెన్‌రింగ్ రేస్ ట్రాక్‌లో పది ఎడమ మలుపులు, మూడే కుడి మలుపులు. అక్కడ వరుసగా ఎడమ మలుపులు తిరిగి వచ్చాక ఎదురయ్యే కుడి మలుపు, 11వది, ప్రపంచ స్థాయి రైడర్లను కూడా పడేస్తుందని చదివాను. చదివినది ఒంటికి పట్టడానికి ఒకటిన్నర సెకన్లు చాలింది. ముందు చక్రం చడీచప్పుడు లేకుండా తప్పుకుంది. నేనూ బండీ చెరో దారిన కంకర మీదికి జారిపోయాం.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. లేచీ లేవగానే బండి వైపు పరిగెత్తాను. ఎవరో వెనక నుంచి నా భుజం పట్టి గట్టిగా లాగారు. మార్షల్, అంటే ట్రాక్ పక్కన నిలబడి భద్రత చూసుకునే మనిషి. వయసులో నాకంటే చాలా చిన్న అమ్మాయి. "ముందు గోడ వెనక్కి రండి. బండి ఎక్కడికీ పోదు!" అని అరిచింది. ఆమె తోటి మార్షల్ అప్పటికే ముందు ప్రమాదం ఉందని హెచ్చరించే పసుపు జెండా ఊపుతున్నాడు. గోడ దాటి వెనక్కి తిరిగి చూస్తే, నేను నిలబడిన చోటికి పది అడుగుల దూరంలో మరో బండి అదే మలుపులో తడబడి, కంకరలోకి దిగి, ఎలాగో నిలదొక్కుకుని వెళ్లిపోయింది. ఆమె ఏమీ అనలేదు. నా చేతి తొడుగు తీయించి, వేళ్లు ఒక్కొక్కటీ కదిలించమని చూసి, మళ్లీ తన చోటికి వెళ్లి నిలబడింది. రెండు రోజులూ అదే ఎండలో, అదే గోడ వెనక. 1907 నుంచి నడుస్తున్న ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ అనే మోటారుసైకిల్ రేసులో 60 కిలోమీటర్ల చుట్టుదారి పొడవునా నిలబడే మార్షళ్లు కూడా ఇలా స్వచ్ఛందంగా వచ్చేవారేనట. ఎవరి కోసం వస్తారో ఇదివరకు నాకు అర్థమయ్యేది కాదు. అమ్మా, నీ పేరు అడగడం మరచిపోయాను. ఆదివారం ప్రతి ల్యాపులోనూ నీ గోడ దగ్గర తల ఊపింది నీకే. మెడ పట్టేసి కాదు.

డాక్టరుగారికీ ధన్యవాదాలు. కాలర్ ఎముక మీద వేలితో నొక్కుకుంటూ వెళ్లి, ఇవాళ ఏ వారమో, ఏ మలుపులో పడ్డానో అడిగి, ఒంటికాలి మీద నిలబెట్టి, అప్పుడు గానీ కాగితం మీద సంతకం పెట్టలేదు. ఎక్కడ పడ్డావని అడిగితే మలుపు నంబరు తప్పు చెప్పాను. ఆవిడ కంగారుపడ్డారు. అది దెబ్బ వల్ల కాదనీ, నాకు ముందు నుంచీ ఆ నంబర్లు గుర్తుండవనీ నమ్మించడానికి కొంత సమయం పట్టింది.

బండి తిరిగి వచ్చాక చూస్తే కాలు పెట్టుకునే ఎడమ ఫుట్‌పెగ్ వంగింది, ఫెయిరింగ్ (బండి పైతొడుగు) నిండా కంకర, క్లచ్ లివరు చివర గుండు విరిగిపోయింది. లివరు పనిచేస్తోంది కదా అనుకున్నాను. కుదరదు. ఆ గుండు కనీసం 16 మిల్లీమీటర్లు ఉండాలి, మొండి కొస ఎవరి ఒంట్లోనైనా దిగబడుతుంది. పడిన బండిని మళ్లీ తనిఖీ చేయించాలి, రేసులో ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే క్వాలిఫైయింగ్‌కు గంటే ఉంది, నా దగ్గర వేరే లివరు లేదు. బ్రేకు లివరు మాత్రం రెండు తెచ్చుకున్నాను. పడితే కుడివైపే పడతానని ఎందుకు అనుకున్నానో దేవుడికే తెలియాలి.

అప్పుడు వచ్చాడు 12వ నంబరు. నా తరగతిలోనే, నా మోడల్ బండి మీదే పోటీపడే మనిషి. ప్యాడాక్ మైకులో నా అభ్యర్థన సగం చదివేసరికే లివరు పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "నీ దగ్గర ఇంకొకటి ఉందా?" అని అడిగాను. "లేదు, నేను పడను" అన్నాడు. ఆ మాటలో పొగరు ఎంతో, పరిహాసం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ గంటలో నా బండి చుట్టూ కనీసం ఆరుగురు చేరారు. ఒకరు కంకర ఊడ్చారు, ఒకరు ఫుట్‌పెగ్ మార్చారు, ఒకరు యాక్సిలరేటర్ తిప్పి వదిలి దానంతట అది వెనక్కి వస్తోందో లేదో పదిసార్లు చూశారు. ఎవరో వెనక నుంచి చెయ్యి చాపి పనిముట్లు అందిస్తూనే ఉన్నారు. నేను ఎక్కువగా అడ్డం నిలబడ్డాను.

ఆ సాయంత్రం ట్రాక్ మీద నన్ను కాలినడకన తిప్పిన అక్కకు ఏమని కృతజ్ఞత చెప్పాలి? ఎన్నో ఏళ్లుగా రేసులు చేస్తున్న మనిషి, తన బండి పని వదిలేసి ఒక కొత్తవాడితో గంటన్నర నడిచింది. బండి మీద నున్నగా అనిపించే ట్రాక్ నడిస్తే వేరేలా ఉంటుంది. ఎక్కడ అతుకు వేశారో, ఎక్కడ వాలు బయటికి తిరిగిందో పాదాలకు తెలిసిపోతుంది. మూడో మలుపు దగ్గర "నువ్వు బ్రేకు ఎక్కడ పడుతున్నావు?" అని అడిగింది. మార్షల్ గుడిసె నీడ ట్రాక్ మీద పడుతుంది కదా, సరిగ్గా ఆ నీడ అంచు మీద అని గొప్పగా చెప్పాను. అక్క ఆగిపోయింది. సూర్యుడి వైపు చూసింది, నీడ వైపు చూసింది, నా వైపు చూసింది. పొద్దున నేను గుర్తు పెట్టుకున్న అంచు అప్పటికి ట్రాక్ దాటి గడ్డిలోకి వెళ్లిపోయింది. గంటకు 150 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 42 మీటర్లు పోతాం. అక్కడ నేను సూర్యుడిని నమ్ముకుని బ్రేకు పడుతున్నాను. "కదలనిదాన్ని పట్టుకోరా తమ్ముడూ" అని దూరాన్ని సూచించే బోర్డును చూపించి ముందుకు నడిచింది.

ఇంకో మాట కూడా అక్కదే. నీలం జెండా చూపిస్తే, అంటే వెనక నుంచి వేగవంతులు వస్తున్నారంటే, మర్యాదకు పోయి పక్కకు జరగవద్దంది. "నీ దారిలో నువ్వు నిలకడగా పో. నువ్వు ఎటు పోతావో వాళ్లకు తెలిస్తే చాలు, దాటడం వాళ్ల పని." రోడ్డు మీద నేర్చుకున్న మర్యాదకు ఇది పూర్తిగా విరుద్ధం. ఆదివారం ఇదే నన్ను, బహుశా మరో ఇద్దరిని, కాపాడింది.

ఆదివారం టైర్ వార్మర్లు, అంటే టైర్లను ముందే వేడిచేసే కరెంటు దుప్పట్లు, అప్పు ఇచ్చినవారికీ, వాటికి తమ జెనరేటర్‌లో ఒక సాకెట్ వదిలినవారికీ దండాలు. 80 డిగ్రీల దాకా కాగిన టైరు మీద అదే ఎడమ మలుపు తిరిగితే, అది వేరే ట్రాక్ అనిపించింది.

రేసు ఎనిమిది ల్యాపులు. బయలుదేరే వరుసలో 24వ స్థానం, అంటే చిట్టచివర. ఎర్ర దీపాలు ఆరి రేసు మొదలయ్యాక మొదటి మలుపు దాకా ఏం జరిగిందో నాకు తెలియదు, తెలిసినవారు చెబితే సంతోషిస్తాను. మా తమ్ముడు ట్రాక్ పక్కన జట్లు నిలబడే పిట్ గోడ మీద నుంచి మిగిలిన ల్యాపుల బోర్డు చూపించాలి. రెండు ల్యాపులయ్యాక చూస్తే బోర్డు మీద 9 ఉంది. ఎనిమిది ల్యాపుల రేసులో ఇంకా తొమ్మిది మిగలడం ఏమిటని ఒక మలుపు నిండా ఆలోచించి, గేరు తప్పు వేశాను. 6ను తలకిందులుగా బిగించాడు. వాడికీ కృతజ్ఞతలే, ఇంట్లో విడిగా చెప్పాను.

ఏడో ల్యాపులో నీలం జెండా వచ్చింది. అక్క చెప్పినట్టే నా దారిలో నేను పోయాను. ఎడమ మలుపులోకి వంగుతుండగా లోపలి వైపు నుంచి ఒక బండి, నా మోచేతికి జానెడు దూరంలో, గీత గీసినట్టు దాటిపోయింది. 12వ నంబరు. నేను అతని లివరు నొక్కి గేరు దింపుతున్నాను, అతను నన్ను ఒక ల్యాపు వెనక్కి నెట్టి పోతున్నాడు. దాటాక ఎడమ చెయ్యి తీసి వెనక్కి ఊపాడు. లివరు ఎలా ఉందని అడిగాడనే అనుకుంటున్నాను.

ఫలితాల కాగితంలో నాది 21వ స్థానం. మూడు స్థానాలు పైకి వచ్చానని ఇంటికి ఫోను చేసి చెప్పాను. ఇద్దరు పడిపోయారనీ, ఒకరి గొలుసు తెగిందనీ, రేసు ముగించినవారే 21 మందనీ ఆ ఫోనులో చెప్పలేదు. పడిన ఇద్దరూ క్షేమమే, నేనే వెళ్లి చూసి వచ్చాను.

12వ నంబరు అన్నా, రేసయ్యాక లివరు విప్పి ఇవ్వబోతే "వచ్చేసారి తీసుకురా" అన్నావు. తుడిచి, గ్రీజు రాసి, గుడ్డలో చుట్టి ఉంచాను.

ఇక ఒక విన్నపం. ఇంటికి వచ్చి పెట్టె సర్దుతుంటే నాది కాని పది నంబరు స్పానరు ఒకటి బయటపడింది. పిడికి ఎర్ర టేపు, ఆ టేపు మీద పెన్నుతో గీసిన చిన్న చేప బొమ్మ. శనివారం మధ్యాహ్నం నా బండి చుట్టూ ఉన్న ఆరుగురిలో ఎవరిదో అయి ఉండాలి. పది నంబరు పోతే ఎంత బాధో నాకు తెలుసు. ఎవరిదో చెప్పండి, తెచ్చి ఇస్తాను.

— 74, నారింజ జాకెట్టు