ఉత్తరార్ధగోళపు పీట్ నేలల సంగతి

సంపాదకులకు,

అయ్యా, కర్బన నిల్వల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన పత్రికలు అడవులతోనే సరిపెడుతున్నాయి. భూభాగంలో 3 శాతమే ఉన్నా, నేలల్లోని కర్బనంలో దాదాపు మూడో వంతును దాచుకున్న పీట్ నేలలకు (నీటిలో నానుతూ పూర్తిగా కుళ్లని మొక్కల అవశేషాలు పొరలుగా పేరుకున్న నేలలకు) ఒక్క పేరా దక్కడం అరుదు.

సైబీరియాలో ఓబ్, ఇర్తిష్ నదుల నడుమనున్న వాస్యుగాన్ చిత్తడి సుమారు 10,000 ఏళ్ల కిందట విడివిడి మడుగులుగా మొదలై, క్రమంగా ఒకదానితో ఒకటి కలిసి, నేడు 50,000 చదరపు కిలోమీటర్లు దాటింది. చెరువులు పూడుకుపోయి పీట్‌గా మారడం ఒక మార్గమే గానీ, ఉత్తరార్ధగోళపు చలి ప్రాంతాల్లో విస్తరణ చాలావరకు పొడినేల మీదికే జరిగింది. స్ఫాగ్నమ్ అనే నాచు తన బరువుకు ఎన్నో రెట్ల నీటిని పట్టి ఉంచి, చుట్టూ ఆమ్లత్వాన్ని పెంచుతుంది. దాంతో అంచుల్లో నీటిమట్టం పైకి లేచి, పక్కనున్న చెట్ల వేళ్లకు గాలి అందక అవి చచ్చిపోగా, ఆ మొదళ్లనే నాచు కప్పేస్తుంది. పీట్ తవ్వినచోట అడుగున పాత చెట్ల మొద్దులు బయటపడేది ఇందువల్లనే. ఇంతా చేసి పొర పెరిగేది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరే!

కాలువలు తవ్వి ఈ నీటిని తీసేస్తే, వేల ఏళ్లుగా పేరుకున్న కర్బనం గాలి తగిలి కార్బన్ డయాక్సైడ్‌గా తిరిగి వెళ్లిపోతుంది కనుక, మీ విజ్ఞాన పేజీలో దీనిపై సమగ్ర వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు