చదువుల ఒత్తిడికి పాట: ఎప్పుడు, ఎంతసేపు, ఎంత సౌండులో

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ పరీక్షలు దగ్గరపడేకొద్దీ రాజమహేంద్రవరం నుంచి నరసాపురం దాకా చాలా ఇళ్లల్లో ఇదే గొడవ. పిల్ల ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కెమిస్ట్రీ చదువుతుంటుంది, తల్లి వచ్చి లాగేస్తుంది. ‘పాట వింటేనే బుర్రకెక్కుతుంది’ అని పిల్ల, ‘పాటలు వింటూ చదువేంటి’ అని తల్లి. సంగీతం నేర్పేవాళ్లుగా, ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లుగా మేం చెప్పేది ఇదీ: ఒత్తిడి దించడానికి పాట నిజంగా పనికొస్తుంది. అయితే దాని వేళ పుస్తకం మూసిన తర్వాత.

బట్టీ పట్టేటప్పుడు ప్రతి ముక్కనూ లోపల పలుక్కుంటూ గుర్తుపెట్టుకుంటాం. పాటలోని మాటలు సరిగ్గా అక్కడే వచ్చి అడ్డుపడతాయి. ‘కొరియన్ పాటే కదా, అర్థం కాదుగా’ అంటారు పిల్లలు. అర్థంకాని భాష మాటలు కూడా జ్ఞాపకాన్ని దెబ్బతీస్తాయని 1970ల నుంచీ ప్రయోగాల్లో తేలుతూనే ఉంది. వీణ మీద కృతి పెట్టుకున్నా, అది తెలిసిన కృతి అయితే మనసు దాని సాహిత్యం, అంటే పాటలోని మాటలు, అందుకుంటుంది. తప్పదనుకుంటే సాహిత్యం లేని రాగాలాపనో తానమో మేలు. ప్రాక్టికల్ రికార్డులో బొమ్మలు వేసేటప్పుడు, నోట్సు ఫెయిర్ చేసేటప్పుడు మాత్రం ఏ పాటైనా పర్వాలేదు. భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో చేపలు, రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల మోతకు అడ్డంగా పాటలు పెట్టుకునే పిల్లలున్నారు. దానికి ఫ్యాన్ హోరు చాలు, అందులో మాటలుండవు.

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతకర్త మోజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందనే ప్రచారాన్ని నమ్మి డబ్బు తగలేయొద్దు. 1993లో కాలిఫోర్నియాలో కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు వినిపించి చూస్తే, ఒక రకం ప్రశ్నల్లో కనిపించిన మెరుగు పావుగంట కూడా నిలవలేదు. చంటిపిల్లలకు వినిపించమంటారు గానీ, వాళ్ల మీద అసలు ఆ ప్రయోగమే చేయలేదు.

ఇక విరామంలో వినడం. యాభై నిమిషాలు చదివాక పది నిమిషాలు ఆపండి. కుర్చీలోంచి లేచి వరండాలోనో కిటికీ దగ్గరో కూర్చోండి. మంచమెక్కితే ఆ పూట చదువు అయిపోయినట్టే. అయిదు నిమిషాల నెమ్మది పాట ఒక్కటి చాలు. నెమ్మదో కాదో తేల్చుకోవడానికి తొడమీద తాళం వేస్తూ గడియారం చూడండి: పదిహేను సెకన్లలో 15 నుంచి 20 దెబ్బలు పడితే సరైన నడక. నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలకు వదలండి. పాట అయ్యాక రెండు నిమిషాలు ఏమీ వినకుండా కూర్చోండి. ఈ రెండు నిమిషాలనే అందరూ ఎగ్గొడతారు, అసలు ఫలం ఉన్నది అక్కడే. 2006లో ఇటలీ వైద్యుల బృందం ప్రచురించిన పరిశోధనలో, పాట వేగం పెరిగితే ఊపిరి, గుండె వేగం పెరిగాయి. మధ్యలో రెండు నిమిషాలు సంగీతం ఆపినప్పుడు గుండె వేగం, రక్తపోటు వినకముందు ఉన్నదానికంటే కూడా దిగాయి. ఆ తర్వాత మంచినీళ్లు తాగి మళ్లీ పుస్తకం దగ్గరకు.

ఇది చెడేది ఎక్కువగా ఫోను దగ్గరే. పాట వెతకడానికే ఏడు నిమిషాలు పోతాయి, మధ్యలో ప్రకటన కెవ్వుమంటుంది, పాట కాగానే రీల్స్ మొదలవుతాయి. ఆదివారం నాడే అయిదారు పాటలు డౌన్‌లోడ్ చేసి, వినేటప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. వీకెండ్ టెస్టులో మార్కులు తగ్గి గుండె దడదడలాడుతుంటే మరీ నిదానమైన పాట చిరాకు తెప్పిస్తుంది. అప్పుడు ఆ ఉద్వేగానికి తగిన పాటతో మొదలుపెట్టి, రెండోది కాస్త నెమ్మదిగా, మూడోది ఇంకా నెమ్మదిగా ఉండేలా దిగండి. మ్యూజిక్ థెరపీలో వాడే పద్ధతే ఇది.

ఏ రాగం మంచిదని తల్లిదండ్రులు అడుగుతుంటారు. నీలాంబరి జోలపాటల రాగంగా పేరుపడింది, ఆనందభైరవి కూడా సేద తీరుస్తుంది. కానీ రాగాన్ని మందుబిళ్లలా రాసిచ్చేంత రుజువు లేదు. పిల్లలకు నచ్చిందే పనిచేస్తుంది. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గానం, ద్రాక్షారామం ఈమని శంకరశాస్త్రి వీణ, కాకినాడ చిట్టిబాబు వీణ రికార్డింగులు తేలిగ్గా దొరుకుతాయి. ఒకసారి వినిపించి చూడండి, నచ్చకపోతే వదిలేయండి.

రాత్రి పడుకోబోయే ముందు అరగంట, రోజూ అవే రెండు మూడు పాటలు, స్లీప్ టైమర్ పెట్టి చిన్న స్పీకర్లో. ఫోను మంచానికి దూరంగా ఉండాలి. ఇయర్‌ఫోన్స్‌తో నిద్రపోవద్దు. మన డెల్టా ఉక్కకు చెవిలో చెమట చేరి ఫంగస్ పడుతుంది, కాబట్టి వాడాక పొడిగుడ్డతో తుడవాలి, ఒకరివి ఇంకొకరు పెట్టుకోకూడదు. పిల్లలకు 75 డెసిబెల్స్ సౌండు వారానికి 40 గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. సౌండు 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గడువు సగమవుతుంది. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషి మామూలుగా మాట్లాడితే వినపడకపోతే సౌండు ఎక్కువైనట్టే. అమలాపురం నుంచి కాకినాడ వెళ్లే బస్సులో ఇంజిను మోతను మించాలని పెంచేసే సౌండుతోనే చెవులు పాడయ్యేది.

పాటకు లొంగని ఒత్తిడీ ఉంటుంది. రెండు వారాలుగా నిద్ర లేకపోయినా, తిండి మానేసినా, బతకాలని లేదన్నా పాటలతో సరిపెట్టొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక హాస్టళ్లు. ఫోన్లు లాక్కుంటారు, అది సరే. పొద్దున అయిదింటికి లేచి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లలో కూర్చునే పిల్లలకు చెవిన పడేది బెల్లు, మైకులో వార్డెన్ కేక, అంతే. అదే మైకు సెట్టుకు పెన్‌డ్రైవ్ పెడితే సరిపోతుంది. అయితే హారన్ స్పీకర్ కీచుగా ఉంటుంది, భోజనాల హాల్లో బాక్స్ స్పీకర్ బిగించాలి. సాయంత్రం టిఫిన్ వేళ పావుగంట, రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు. పాటలు ఎంచే పని వారానికో గది పిల్లలకు ఇవ్వాలి. స్టడీ అవర్లో మాత్రం పెట్టకూడదు. యాజమాన్యాలు ఈ పరీక్షల సీజన్‌కే మొదలుపెట్టాలని, అడ్మిషన్ రోజున ఫీజుతో పాటు ఈ సంగతీ తల్లిదండ్రులు అడగాలని మా విన్నపం.

– ఒక సంగీత అధ్యాపకురాలు, ఒక జూనియర్ కాలేజీ లెక్చరర్
అమలాపురం, కోనసీమ జిల్లా