రికార్డర్ క్లాసు తల్లిదండ్రులకు: తప్పు పిల్లల వేళ్ళది కాదు, నాది

అందరికీ నమస్కారం. దసరా సెలవుల తర్వాత మన రికార్డర్ (వేణువులా ఊది వాయించే ప్లాస్టిక్ వాయిద్యం) క్లాసులో ఏదో తేడాగా ఉందని మీలో కొందరు అడుగుతూనే ఉన్నారు. "మోహనం రాగం అంత చక్కగా వాయించారు కదండీ, శంకరాభరణం రాగం వచ్చేసరికి ఇలా అయిందేంటి?" అని ఒకరు ఫోన్ చేస్తే, "ఇంట్లో కాస్త సాధన చేయించండి" అని ఎదురు పాఠం చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. జూన్‌లో మీ పిల్లలకు నేను కొనిచ్చిన 22 రికార్డర్లూ మనకు పనికొచ్చే రకం కాదు.

రికార్డర్లు చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. ముందు ఏడు రంధ్రాలు, వెనక బొటనవేలికి ఒకటి. కానీ వేళ్ళు పెట్టే పద్ధతిని బట్టి వాటిలో జర్మన్ అని, బరోక్ అని రెండు రకాలు. బరోక్‌లో ఎఫ్ అనే స్వరం (ఇది పాశ్చాత్య పేరు) పలకాలంటే మధ్యలో ఒక వేలు ఎత్తి, దాని కింద రెండు మూయాలి. చిన్న పిల్లలకు అది తిప్పలే. 1920ల్లో జర్మనీలో పీటర్ హార్లాన్ అనే ఆయన రంధ్రాల సైజు మార్చి, వేళ్ళు వరసగా మూసుకుంటూ వెళ్తే ఎఫ్ పలికేలా చేశాడు. తేలికే. కాకపోతే దాని పక్కనే, కాస్త పైన ఉన్న ఎఫ్ షార్ప్ స్వరం దెబ్బతింది. కొనేటప్పుడు "మొదట నేర్చుకునే పిల్లలకు జర్మన్ తేలిక" అన్న మాట చూసి, ఇంకేం ఆలోచించకుండా ఒకే పెట్టెగా తెప్పించాను. ఇరవై ఏళ్ళుగా వేణువు వాయిస్తున్న మనిషిని, ఒకటి తెప్పించి పరీక్షించి చూసుకోవాలన్న బుద్ధి పుట్టలేదు.

మరి జూన్ నుంచి దసరా దాకా ఎలా తెలియలేదంటారా? మోహనం కాపాడింది. మన క్లాసులో జి స్వరాన్ని షడ్జమంగా (స) పెట్టుకుంటాం, అంటే అయిదు శ్రుతి. ఎడమ చేతి మూడు వేళ్ళూ బొటనవేలూ మూస్తే స, ఒక వేలు ఎత్తితే రి, ఇంకోటి ఎత్తితే గ. మొదటి వారంలోనే పిల్లలకు మూడు స్వరాలు చేతిలో ఉంటాయి. తర్వాత కుడి చెయ్యి కలిపితే కింద పంచమం (ప), ధైవతం (ద). మోహనంలో మధ్యమం (మ) లేదు, నిషాదం (ని) లేదు. మన శ్రుతిలో ఎఫ్, ఎఫ్ షార్ప్ రెండూ నిషాదం చోట పడేవే, అంటే వాటిని అసలు ముట్టుకోనక్కర్లేదు. ఈ అయిదు స్వరాలకూ రెండు రకాల రికార్డర్లలోనూ వేళ్ళు ఒకటే. అందుకే దసరా పందిట్లో పిల్లలు వాయించింది మీరంతా వీడియో తీసుకునేంత బాగా వచ్చింది.

కర్ణాటక సంగీతంలో మామూలుగా మొదట నేర్పే మాయామాళవగౌళ రాగంతో ఎందుకు మొదలుపెట్టరని అడిగిన పెద్దవాళ్ళకు కూడా జవాబు ఇదే. పాడటానికి ఆ వరస మంచిదే, నేనూ అలాగే నేర్చుకున్నాను. కానీ ఈ వాయిద్యం మీద శుద్ధ రిషభం కోసం మధ్యలో వేలు ఎత్తి కిందవి మూయాలి, శుద్ధ ధైవతం కోసం ఆరో రంధ్రం సగమే మూయాలి. ఏడేళ్ళ పిల్లకి మొదటి నెలలో ఆ పని పెడితే రెండో నెలకి రికార్డర్ మంచం కింద ఉంటుంది.

దసరా తర్వాత శంకరాభరణం మొదలుపెట్టాం. కింది నిషాదం అంటే సరిగ్గా ఆ ఎఫ్ షార్ప్. నాకు తెలిసిన బరోక్ వేళ్ళే నేర్పాను. ఈ రికార్డర్లలో అది పైకి పోతుంది. గట్టిగా ఊదితే రికార్డర్ శ్రుతి ఎలాగూ పెరుగుతుంది కాబట్టి, నేను ఊపిరిని అనుమానించాను. "మెల్లగా ఊదండి, 'తు' అనండి, వేడి టీ మీద ఊదినట్టు కాదు" అని మూడు వారాలు అరిచాను. ఒక పాపని రెండు క్లాసులు వరసగా పక్కన కూర్చోబెట్టి "నీ వేలు రంధ్రం మీద సరిగ్గా కూర్చోవట్లేదు" అని కోప్పడ్డాను. ఆ పాప వేళ్ళు శుభ్రంగానే కూర్చున్నాయి.

అసలు సంగతి బయటపడింది ఒక బాబు వల్ల. వాడి దగ్గర ఉన్నది నేనిచ్చినది కాదు. అమెరికాలో ఉండే వాళ్ళ పెదనాన్న కూతురు స్కూల్లో వాయించి వదిలేసినది (అక్కడ చాలా స్కూళ్ళలో మూడో, నాలుగో తరగతిలో రికార్డర్ నేర్పుతారు). నిషాదం దగ్గర వాడొక్కడి స్వరం వేరుగా వినపడేది. ఆ క్లాసులో ఉన్న పదకొండు మంది ఒకవైపు, వాడొకవైపు. సహజంగానే "నువ్వు తప్పు" అన్నాను. వాడు ఏడుపు మొహంతో "నేను మీరు చెప్పినట్టే మూశాను టీచర్" అన్నాడు. ఆ రోజు అందరూ వెళ్ళాక ట్యూనర్ యాప్ (శ్రుతి కొలిచేది) పెట్టి చూస్తే వాడిదే సరైన శ్రుతి. పదకొండు మందితో పాటు నేనూ, నా చేతిలోదీ తప్పు. నాది కూడా ఆ పెట్టెలోదే మరి!

జర్మన్ రికార్డర్ మీద చిటికెన వేలు కూడా కలిపి ఆ స్వరాన్ని కిందికి దించొచ్చు. పై స్థాయిలో ఇంకా ఇబ్బంది. పిల్లలకు ఒకసారి అలవాటు చేసి మళ్ళీ మాన్పించడం నాకు ఇష్టం లేదు. అందుకని 22 మందికీ బరోక్ రికార్డర్లు నేనే కొనిస్తున్నాను. మీరు ఏమీ కట్టక్కర్లేదు. దాదాపు 11 వేలు అవుతుంది. ఈ ఏడాది గోడలకు సౌండ్ తగ్గించే షీట్లు వేయిద్దామనుకున్న డబ్బు అది. కాబట్టి ఎదురింటి తాతగారి మధ్యాహ్నం నిద్ర కోసం క్లాసు నాలుగింటికి కాకుండా అయిదింటికే కొనసాగుతుంది. దీనికి ఆయన మాత్రం సంతోషించారు.

పాతవి తిరిగి ఇవ్వొద్దు. ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే మోహనం వరకు అవి నిక్షేపంగా పనికొస్తాయి. బయట కొనుక్కున్నవాళ్ళు పై నుంచి నాలుగో రంధ్రం, అయిదో రంధ్రం పక్కపక్కన పోల్చి చూడండి. నాలుగోది పెద్దగా ఉంటే జర్మన్, అయిదోది పెద్దగా ఉంటే బరోక్. కొన్నిటి మీద వెనకవైపు చిన్నగా జి అనో, బి అనో అక్షరం కూడా ఉంటుంది.

ఇంకో మాట. కొత్తవాటిని దయచేసి మరిగే నీళ్ళలో వేయకండి. ఒకటి అలాగే వంగి నా దగ్గరికొచ్చింది. గోరువెచ్చని నీళ్ళు, కొంచెం సబ్బు చాలు. ఏసీ గదిలో వాయిస్తుంటే మధ్యలో గొంతు పూడినట్టు అవుతుంది. అది పాడవడం కాదు, చల్లటి ప్లాస్టిక్‌కి ఊపిరి తడి పట్టడం. కాసేపు అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరిచి వాయించమనండి.

సంక్రాంతికి అనుకున్న కార్యక్రమం ఉగాదికి జరుపుతున్నాను. నవంబర్ ఫీజులో సగం డిసెంబర్‌కి సర్దుతాను, ఎందుకంటే ఆ మూడు వారాలు నేర్పింది పాఠం కాదు. మానేయాలనుకున్న ఇద్దరికీ విడిగా ఫోన్ చేస్తాను, మాట్లాడాక మీ ఇష్టం.

కొత్త రికార్డర్లు వచ్చే శనివారం ఇస్తాను. నేను కోప్పడిన పాపకి మొన్న సారీ చెప్పాను. "అయితే నాకు నీలం రంగుది కావాలి" అంది. తెప్పించినవన్నీ తెల్లవే. బరోక్‌లో నీలం రంగుది ఎక్కడ దొరుకుతుందో మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.