నల్లగా ఉంటే బలం, తెల్లగా ఉంటే బుర్ర అంటే ఎట్ల?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను అనంతపురంలో గవర్నమెంట్ స్కూళ్ళల్లో పీఈటీగా చేసి రిటైర్ అయినాను, ఇప్పటికీ పొద్దున్నే పిల్లోళ్ళకి బాస్కెట్‌బాల్ నేర్పిస్తాంటాను. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్బీఏ మ్యాచులు మనకి తెల్లవారుజామున వస్తాయి కదా, మా వాళ్ళు వార్మప్ కి ముందు సిమెంటు కోర్టు పక్కన కూర్చుని ఒక్క సెల్‌ఫోన్లో నలుగురు తలకాయలు పెట్టి చూస్తాంటారు. మొన్న డెన్వర్ టీం మ్యాచ్ చూస్తా ఒకడు, ఆ టీంలో తెల్లాయన జోకిచ్ గురించి, "జోకిచ్‌ది అంతా బుర్ర సార్, ఎగరలేడు ఉరకలేడు, అయినా ఎట్ల ఆడతాడో చూడండి" అన్నాడు. రెండు నిమిషాలకి అవతల టీంలో నల్లాయన ఎగిరి బాల్ ని రింగులోకి గుద్ది డంక్ కొడితే అదే పిల్లోడు "వాళ్ళకేం సార్, పుట్టుకతోనే వచ్చేస్తాది" అన్నాడు. వాడిని ఏమీ అనలేకపోయినా, ఎందుకంటే వాడు ఆ మాటలు నేర్చుకున్నది కామెంటరీలో, మన పేపర్ల హెడ్డింగుల్లోనే.

అమెరికాలో ఇది పాత గొడవ. 1987లో బోస్టన్ చేతిలో డెట్రాయిట్ ఓడిపోయినాక డెట్రాయిట్ నల్లజాతి ఆటగాడు డెనిస్ రాడ్‌మన్, బోస్టన్ స్టార్ లారీ బర్డ్ కి తెల్లోడు కాబట్టే అంత పేరు అన్నాడు, అదే టీంలో ఆడే నల్లాయన ఐజయ్యా థామస్ కూడా దానికి వంత పాడితే పెద్ద రచ్చ అయింది. 1984 నుంచి 86 దాకా వరసగా మూడుసార్లు ఎంవీపీ, అంటే లీగ్ లో ఆ ఏటి మేటి ఆటగాడు, అయిన బర్డ్ ని, అదే సిరీస్ అయిదో మ్యాచ్‌లో ఆఖరి సెకన్లలో ఐజయ్యా వేసిన పాస్ నే లాగేసి గెలిపించిన మనిషిని అట్ల అనడం తప్పే. కానీ తర్వాత ఐజయ్యా చెప్పుకున్న వివరణ మాత్రం నాకు ఇప్పటికీ మనసులో ఉండాది. బర్డ్ బాగా ఆడితే తెలివి, కష్టం అంటారు, నల్లోళ్ళం నేనూ, మ్యాజిక్ జాన్సనూ, మైకేల్ జోర్డానూ ఆడితే దేవుడిచ్చిన వరం అంటారు, మేమేదో అడవిలో తిరిగే పులులూ సింహాలూ అయినట్టు, అన్నాడాయన.

మయామీకి ఆడిన నల్లజాతి షూటర్ రే అలెన్ ని చూడండి. 2013 ఫైనల్స్ ఆరో మ్యాచ్, మయామీ మూడు పాయింట్లు వెనకబడి ఉంది, రింగుకి తగిలి తిరిగొచ్చిన బాల్ ని (రీబౌండ్) టీంమేట్ బాష్ పట్టి ఇస్తే అలెన్ కిందికి చూడకుండానే వెనక్కి వెనక్కి అడుగులేసి కార్నర్ లో మూడు పాయింట్ల గీత బయట కాళ్ళు పెట్టి కొట్టినాడు, ఇంకా 5.2 సెకన్లే ఉన్నాయి, స్కోర్ సమం. ఆ వెనకడుగులు ఆయన ఏళ్ళ తరబడి ప్రాక్టీస్ చేసినవి, నేల మీద పడుకుని లేచి కార్నర్ కి వెనక్కి పరిగెత్తి షాట్ కొట్టేవాడంట, మ్యాచ్ కి గంటల ముందే వచ్చేవాడు. నీ షాట్ దేవుడిచ్చినాడు అంటే ఆయనకి కోపం, నేను రోజూ పడే కష్టాన్ని తక్కువ చెయ్యొద్దు అనేవాడు.

ఇంక జెరెమీ లిన్ అయితే అసలు ఎవరి కంటికీ ఆనలే. నలుపూ కాదు తెలుపూ కాదు, తైవాన్ నుంచి వచ్చినోళ్ళ కొడుకు, 2006లో కాలిఫోర్నియాలో తన స్కూల్ ని స్టేట్ ఛాంపియన్ చేసినా ఏ పెద్ద కాలేజీ స్కాలర్‌షిప్ ఇయ్యలే, టీంలు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ లో 2010లో ఎవరూ తీసుకోలే. 2012 ఫిబ్రవరిలో న్యూయార్క్ తరఫున లేకర్స్ మీద 38 పాయింట్లు కొట్టినాక అప్పుడు అందరికీ కనపడినాడు.

వాళ్ళని అని ఏం లాభం, నేనూ అదే పని చేసినాను. చాన్నాళ్ళ కింద శింగనమల వైపు నుంచి ఒక పిల్లోడు వచ్చేవాడు, పొడుగు, బాగా నలుపు, అందరూ వాడిని "ఏ వెస్టిండీసూ" అని పిలిచేవాళ్ళు, నేను ఒక్కసారి కూడా ఆపలే. రింగు కింద నిలబెట్టి రీబౌండ్లు పట్టు నాయనా అని రెండేళ్ళు వాడిని బాల్ నేలకి కొడతా ముందుకి పోయే డ్రిబుల్ చెయ్యనీలే. బాల్ ముందుకి తీసుకుపోయి ఆట నడిపించే పని టౌన్ పిల్లోడికి ఇచ్చినా, తెల్లగా ఉంటాడు, ఇంగ్లీష్ మాట్లాడతాడు, గేమ్ వాడికే అర్థమైతాది అనుకున్నా. జిల్లా సెలక్షన్లకి ముందు ఆ టౌన్ పిల్లోడి కాలు బెణికితే వేరే దారి లేక వీడికి ఇచ్చినా. వాడు ఎడమ చేత్తో డ్రిబుల్ చేస్తా, తలెత్తి రింగు వైపు చూస్తానే పక్కనోడికి బౌన్స్ పాస్ వేసినాడు, డిఫెన్స్ లో ఇద్దరూ రింగు వైపే పోయినారు. యాడ నేర్చుకున్నావురా అంటే "మీరు వానికి చెప్పేటప్పుడు ఇంటాంటి సార్, ఇంటికాడ కళ్ళంలో చేస్తాంటి" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

అందుకే మీకు రాస్తాండా. ఎన్బీఏ వార్త ఎంత చిన్నదైనా సరే, నల్లజాతి ఆటగాడు అనంగానే ఒళ్ళు, బలం, ఎగరడం అని రాయకుండా ఆ పాస్ ఎప్పుడు చూసినాడు, ఆ షాట్ కి ఎంత ప్రాక్టీస్ చేసినాడు అని రెండు లైన్లు వేయించండి, జోకిచ్ గురించి రాసేటప్పుడు కూడా ఆయన చేతుల బలం, ఆ భుజాలు కూడా చెప్పండి. మా పిల్లోళ్ళు టీ బంకు కాడ మీ స్పోర్ట్స్ పేజీ ఒక్కటే విడదీసుకుని కోర్టుకి తెచ్చుకుంటారు.

ఇట్లు
ఒక రిటైర్డ్ పీఈటీ, అనంతపురం