మామిడి రైతు ప్రశ్న నా దగ్గరెందుకు?

బుజ్జీ,

సైట్‌లో రాసేది ఐదుగురం, ఫారం నింపినవాళ్ల ప్రశ్నలన్నీ వచ్చి పడేది మాత్రం నా మెయిల్‌లో. మొన్న పిందె రాలిపోతోందని ఒక మామిడి రైతు అడిగాడు. ఆ వ్యాసం రాసిన మాస్టారికి నేను చేరవేసేసరికి పది రోజులైంది. అప్పటికి చెట్టు మీద పిందె ఏం మిగులుతుంది?

రాసినవాళ్ల ఈమెయిల్‌ని ఫారంలోనే కనపడకుండా దాచేద్దామన్నావు. కోప్పడకు గానీ, నాకది నచ్చలేదు. పేజీ సోర్స్, అంటే పేజీ వెనకున్న కోడ్, తెరిస్తే ఆ ఈమెయిల్ అక్కడే కనిపిస్తుంది. స్పామ్ వస్తే రానీ, ఏడుస్తాం. కానీ ఎవడైనా ఆ చిరునామా మార్చి పంపాడంటే, మన సర్వర్ వాడు చెప్పినవాళ్లకల్లా మన పేరుతో మెయిళ్లు మోస్తుంది. బెజవాడ ఆర్‌ఎంఎస్‌లో, అదే రైల్వే మెయిల్ సర్వీస్‌లో, అన్నేళ్లు ఉత్తరాల సార్టింగ్ చేశాను, సంచి మీద లేబుల్ మేం కట్టేవాళ్లమే తప్ప దారినపోయేవాడి చేతికిచ్చేవాళ్లం కాదు. ఏ పేజీ నుంచి వచ్చిందో ఫారం చెబితే చాలు. ఆ పేజీ ఎవరిదో సర్వరే చూసుకోవాలి.

మన సైట్ నడిచేది వర్డ్‌ప్రెస్ మీద కదా, అందులో ఫారం కోసం మనం వాడే కాంటాక్ట్ ఫారం 7 ప్లగిన్‌లో ఆ ఏర్పాటు ఉందట. 'టు' గడిలో నా ఈమెయిల్ తీసేసి, 'పోస్ట్ ఆథర్ ఈమెయిల్' ట్యాగ్ పెట్టు. వ్యాసం ఎవరి ఖాతా పేరున ఉంటే వాళ్ల ఈమెయిల్ అక్కడికి అదే వచ్చి చేరుతుంది. ఫారం వ్యాసం లోపల ఉంటేనే అది పనిచేస్తుంది. నువ్వేమో పేజీ అడుగునుండే ఫుటర్‌లో పెట్టావు, అక్కడ ఖాళీగా వస్తుంది.

'ఫ్రమ్'లో రైతు ఈమెయిల్ పెట్టకు. జీమెయిల్ చిరునామాతో మన సర్వర్ నుంచి వెళ్తే దొంగ ఉత్తరం అనుకుంటారు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ ఈ విషయంలో ఇంకా గట్టిగా ఉంటోంది. 'ఫ్రమ్'లో సైట్‌ది, 'రిప్లై-టు'లో రైతుది పెడితే మాస్టారు నేరుగా జవాబివ్వొచ్చు.

ఇదంతా రాశాక నవ్వొచ్చింది. మాస్టారు కాగితం మీద రాసిస్తే నా లాగిన్‌తో టైపు చేసి ఎక్కించింది నేనే కదా! వర్డ్‌ప్రెస్ లెక్కలో మామిడి పండితుణ్ణి నేనే. ట్యాగ్ పెట్టినా ఆ ప్రశ్న మళ్లీ నా దగ్గరికే వస్తుంది.

మాస్టారికి ఒక ఖాతా తెరువు. ఆయనవి పన్నెండు వ్యాసాలున్నాయి, క్విక్ ఎడిట్‌లో ఆథర్ పేరు నేను మారుస్తాను. ఆయన మెయిల్ తెరిచే మనిషి కాదు, ఫోన్‌లో చూడటం ఆదివారం వెళ్లి నేర్పుతాను. ఆలోపు ఫారం మాత్రం ఫుటర్‌లోంచి తీసెయ్.

నాన్న