చదివి తేల్చిన పరిశోధననూ పరిశోధనగా గుర్తించండి: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థుల డిసర్టేషన్లకు, అంటే కోర్సులో భాగంగా రాసే పరిశోధన గ్రంథాలకు, గైడ్‌గా కూడా ఉంటాను. ఇప్పటికే జరిగిన పరిశోధనలను పద్ధతి ప్రకారం వెతికి, జల్లెడ పట్టి, వాటి బలాబలాలు తేల్చి రాసే డిసర్టేషన్‌ను వార్డులో కొంతమందిని శాంపిల్‌గా తీసుకుని, వాళ్లను ప్రశ్నించి రాసే డిసర్టేషన్‌తో సమానంగా ఒప్పుకోవాలని మిమ్మల్ని కోరుతున్నాను. ఈ విషయం విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చేతిలో ఉంది. మీరు ఒక మాట చెబితే కదులుతుంది.

మా లైబ్రరీలో పాత డిసర్టేషన్లు బైండింగ్ చేసి వరసగా పెట్టి ఉంటాయి. దించి చూస్తే పేర్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఫలానా విషయంలో ఫలానా ఆసుపత్రికి వచ్చే తల్లుల అవగాహనపై స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రాం ప్రభావం. ముందు ఒక ప్రశ్నాపత్రం, తర్వాత పాఠం, ఏడో రోజున మళ్లీ అదే ప్రశ్నాపత్రం. మార్కులు పెరిగాయని తేలుతుంది. పాఠం విన్నాక మార్కులు పెరగడంలో కొత్త ఏముంది? జబ్బు మారుతుంది, ఊరు మారుతుంది, ఫలితం మాత్రం అదే. ఆ ఫలితం వల్ల ఏ వార్డులోనూ ఒక్క పద్ధతి మారగా నేను చూడలేదు.

ఆ పని వార్డులో ఎలా జరుగుతుందో మీరు దగ్గరగా చూడాలి. మా విద్యార్థిని ఒకమ్మాయి తల్లిపాల మీద ప్రశ్నలు పట్టుకుని బాలింతల వార్డుకి వెళ్లింది. తల్లికి చదువు రాదు కాబట్టి అమ్మాయే ప్రశ్న చదివి వినిపిస్తుంది. తల్లి నోరు తెరిచేలోపు పక్కనున్న అత్తగారు జవాబు చెప్పేస్తుంది. బిడ్డ ఏడుస్తుంది. రౌండ్స్‌కి డాక్టర్ గారు వస్తున్నారని సిస్టర్ అందరినీ సర్దుకోమంటుంది. మామూలు కాన్పయితే మూడో రోజుకే డిశ్చార్జి. ఏడో రోజు పోస్ట్ టెస్ట్ కోసం ఈ అమ్మాయి ఆశా కార్యకర్తలకు ఫోన్లు చేసి, అడ్రసులు కనుక్కుని, తెనాలి వైపు పల్లెలకు బస్సెక్కి తిరిగింది. అంత కష్టపడ్డ పిల్లని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. ఆ కష్టాన్ని పనికొచ్చే చోట పెట్టించలేకపోతున్నామనే నా బాధ.

ఇంకో విద్యార్థిని విజయవాడలో ఒక ఐసీయూలో నైట్ డ్యూటీలు చేసి వచ్చిన అమ్మాయి. వెంటిలేటర్ మీదున్న పేషెంట్ల నోటిని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక మందుతో శుభ్రం చేస్తాం కదా మేడం, దానివల్ల న్యుమోనియా నిజంగా తగ్గుతోందా అని అడిగింది. మంచి నర్సు అడగాల్సిన ప్రశ్న. సినాప్సిస్, అంటే పరిశోధన ప్రతిపాదన, రాసి తీసుకెళ్తే దాన్ని పరిశీలించే కమిటీ వాళ్లు అడిగిన మొదటి మాట: శాంపిల్ ఎంత? ఒక ఐసీయూలో కొద్ది నెలల్లో దొరికే కొద్దిమంది పేషెంట్లతో ఈ ప్రశ్న తేలదు. చివరికి టాపిక్ మార్చి, వెంటిలేటర్ న్యుమోనియా గురించి స్టాఫ్ నర్సుల అవగాహన మీద ప్రశ్నాపత్రం పంచింది. అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది.

కానీ దానికి జవాబు అప్పటికే చాలావరకు అచ్చయి ఉంది. 2014లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష అనేక ట్రయల్స్‌ను, అంటే పేషెంట్ల మీద చికిత్సను పరీక్షించిన అధ్యయనాలను, కలిపి చూసింది. గుండె ఆపరేషన్ పేషెంట్లలో తప్ప మిగతావారిలో ఈ మందుతో స్పష్టమైన లాభం కనిపించలేదని, మరణాలు కొంత పెరిగే అవకాశం కూడా ఉందని చెప్పింది. 2022లో అమెరికాలోని ఇన్ఫెక్షన్ నియంత్రణ సంఘాలు తమ మార్గదర్శకాలు మార్చాయి. రోజూ బ్రష్‌తో పళ్లు తోమండి, క్లోర్‌హెక్సిడిన్ మాత్రం సాధారణంగా వద్దు అన్నాయి. 2023 చివర్లో 15 ట్రయల్స్‌ను కలిపిన మరో సమీక్షలో, బ్రష్ చేయించిన వారిలో న్యుమోనియా, ఐసీయూ మరణాలు తక్కువగా ఉన్నాయని తేలింది. ఒక బ్రష్‌తో, నర్సు చేతి మీదుగా జరిగే పని ఇది. మా అమ్మాయి ఈ కాగితాలన్నీ వెతికి, ఏది గట్టిదో ఏది బలహీనమైనదో తేల్చి, మన ఐసీయూలకు ఏది నప్పుతుందో రాసి ఉంటే, ఆమె డిసర్టేషన్ లైబ్రరీ అల్మరాలో కాకుండా వార్డులో ఉండేది.

పోగేసి చదవకపోతే ఎంత నష్టమో వైద్యరంగానికి బాగా తెలుసు. నెలలు నిండకముందే కాన్పయ్యే తల్లులకు ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మీద న్యూజిలాండ్ డాక్టర్లు చేసిన ట్రయల్ 1972లో అచ్చయింది. తర్వాత మరికొన్ని ట్రయల్స్ జరిగాయి. వాటన్నిటినీ కలిపి పద్ధతిగా చూసిన సమీక్ష 1989 దాకా రాలేదు. ఈలోపు ఆ ఇంజెక్షన్ అందక ఎందరో పసిబిడ్డలు పోయారు. ఇలాంటి సమీక్షలు చేసే పనికి 1993లో మొదలైన కోక్రేన్ సంస్థ గుర్తు మీద ఉండే గీతలు ఆ ట్రయల్స్ ఫలితాలే.

రివ్యూ (సమీక్ష) అంటే కాపీ కొట్టడమే, అందులో కష్టమేముంది అనే మాట కమిటీల్లో తరచూ వింటుంటాను. ఆ భయానికి కారణం లేకపోలేదు. ఇంటర్నెట్‌లో దొరికిన నాలుగు వ్యాసాలను అతికించి రివ్యూ అనేవాళ్లు ఉన్నారు. అది ఆపడానికి దారి ఉంది. ప్రశ్నను ముందే ఖాయం చేసి, ఏ డేటాబేసుల్లో ఏ పదాలతో వెతుకుతారో ప్రోటోకాల్ రాసి, అది ఆమోదం పొందాకే వెతకడం మొదలుపెట్టాలి. ఎన్ని వ్యాసాలు దొరికాయి, ఎన్నిటిని ఎందుకు తీసేశారు, చివరికి ఎన్ని మిగిలాయి అన్నది ప్రిస్మా పటంలో చూపించాలి (సమీక్షలు ఎలా రాయాలో చెప్పే ప్రమాణమే ప్రిస్మా). 2020లో సవరించిన ఆ పద్ధతిలో 27 అంశాలకు లెక్క చెప్పాలి. ప్రతి ట్రయల్‌లో లోపాలు ఎక్కడున్నాయో చెక్‌లిస్టుతో పరీక్షించాలి. వ్యాసాల వడపోత ఒక్కరే చేస్తే పొరపాటు జరుగుతుంది కాబట్టి ఇద్దరు విద్యార్థులను జతచేసి ఒకరి జాబితాను ఇంకొకరు చూసేలా పెట్టవచ్చు. వైవాలో ఎగ్జామినర్ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ‘నీ సెర్చ్ నాకు చేసి చూపించు’ అంటే చాలు, చేసినవాళ్లెవరో చేయనివాళ్లెవరో అక్కడే బయటపడుతుంది. కాపీ సంగతికి 2018 నుంచి యూజీసీ నిబంధన ఉండనే ఉంది, వేరేచోటి రాతతో పోలిక పది శాతం దాటితే అభ్యంతరం. నిజాయితీగా చేస్తే ఇది వార్డులో ప్రశ్నాపత్రం పంచడం కన్నా బరువైన పని అని గైడ్‌గా చెప్పగలను.

బ్రిటన్‌లో అడ్వాన్స్‌డ్ క్లినికల్ ప్రాక్టీస్‌లో ఎమ్మెస్సీ చేసే నర్సులు, ఫిజియోథెరపిస్టులు చాలా యూనివర్సిటీల్లో ఇలాంటి డిసర్టేషన్లే రాస్తారు. ఉద్యోగం చేస్తూనే రాస్తారు. మన దగ్గర ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు తెచ్చింది. ఐసీయూలో నిర్ణయాల్లో పాలుపంచుకోవాల్సిన ఆ నర్సుకి, ట్రయల్ చదివి మంచీచెడ్డా చెప్పగలగడం సిరంజి పట్టుకోవడం ఎంత అవసరమో అంత అవసరం.

శాంపిల్ పనులు మానేయమని నేను అనడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు అక్కడివాళ్లు ఏ జబ్బుల పాలయ్యారో, బీపీ మందులు ఎన్నాళ్లు ఆగిపోయాయో ఇంటింటికీ తిరిగితేనే తెలుస్తుంది. అలాంటి ప్రశ్న ఉన్న విద్యార్థి వీధుల్లోకే వెళ్లాలి. ప్రశ్నను బట్టి పద్ధతి ఉండాలి, అంతే.

జర్నళ్ల (పరిశోధన పత్రికల) సంగతి అన్నిటికన్నా ముఖ్యం. వైద్య వ్యాసాలు వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో సారాంశం ఉచితంగా కనిపిస్తుంది, పూర్తి వ్యాసం తెరవబోతే ముప్పై నలభై డాలర్లు అడుగుతుంది. స్టైపెండ్ కూడా లేని పిల్ల ఒక్క వ్యాసానికి అంత ఎక్కడ తెస్తుంది? 2025 జనవరి 1న కేంద్రం జర్నళ్లకు తానే చందా కట్టి చదివించే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం మొదలుపెట్టింది. మూడేళ్లకు రూ.6,000 కోట్లు, 30 మంది ప్రచురణకర్తలు, దాదాపు 13,000 జర్నళ్లు. ఎంతో మంచి పని. కానీ అది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ సంస్థలకే. మన రాష్ట్రంలో నర్సింగ్ చదివే పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటు కాలేజీల్లోనే ఉన్నారు, వాళ్లు ఆ గేటు బయటే ఉండిపోయారు. కర్ణాటకలో రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయం 2003లోనే హెలినెట్ పేరుతో తన కాలేజీలను ఒక్కటి చేసి జర్నళ్లు తెప్పించింది. ఎన్టీఆర్ విశ్వవిద్యాలయం పరిధిలోని ప్రతి పీజీ విద్యార్థికీ, నర్సింగ్ అయినా ఫిజియోథెరపీ అయినా, హాస్టల్ గది నుంచి తెరుచుకునే లాగిన్ ఇప్పించండి. నర్సింగ్ వ్యాసాలకు సినాల్ డేటాబేస్ అందులో తప్పకుండా ఉండాలి.

దీనితోపాటు లైబ్రేరియన్లకు, గైడ్లకు శిక్షణ కావాలి. మాలో చాలామందికి ఈ పద్ధతిని ఎవరూ నేర్పలేదు. విజయవాడకీ గుంటూరుకీ మధ్యలోనే మంగళగిరి ఎయిమ్స్ ఉంది, అక్కడి అధ్యాపకుల సాయంతో సెలవుల్లో వర్క్‌షాపులు పెట్టవచ్చు. వచ్చే బ్యాచ్ సినాప్సిస్‌లు ఇచ్చేలోపు విశ్వవిద్యాలయం ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. అందులో ప్రోటోకాల్ నమూనా, ఎగ్జామినర్ మార్కులు వేసే పద్ధతి స్పష్టంగా ఉంటే కమిటీలు ‘శాంపిల్ ఎంత’ అని ఆగిపోవు. ఆ ముసాయిదా రాసే సమావేశానికి గైడ్లను, పీజీ విద్యార్థులను కూడా పిలవండి. మా వైపు నుంచి రాసుకున్న నమూనా ప్రోటోకాల్ సిద్ధంగా ఉంది, తీసుకుని వస్తాం.

ఇట్లు,
ఒక నర్సింగ్ అధ్యాపకురాలు,
గుంటూరు