టీకాల రోజున ఈ ప్రశ్నలు కూడా అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

సెల్‌ఫోన్ ఇవ్వడం వల్లే పిల్లలకు ఆటిజం (ఎదుటివాళ్లతో కలవడం, మాట్లాడడం వేరే తీరులో ఉండే ఎదుగుదల) వస్తోందన్నట్టు ఈమధ్య పేపర్లలో, టీవీల్లో వరసగా కథనాలు వస్తున్నాయి. అవి చదివాక ఇళ్లలో ఏం జరుగుతోందో రాసేవాళ్ల దాకా పోతున్నట్టు లేదు. నేను చంద్రగిరి మండలంలో అంగన్‌వాడీ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా ఊళ్లో ఒక అత్తగారు అలాంటి పేపరు ముక్క ఒకటి తెచ్చి కోడలి ముందు పడేసి, "నువ్వు ఫోను చేతికిచ్చినందుకే నా మనవడు ఇట్లయినాడు" అని నలుగురిలో నిలదీసింది. ఆ అమ్మాయి పొద్దున్నే తిరుపతికి పోయి ఒక బట్టల షాపులో నిలబడి పనిచేసి, చీకటి పడ్డాక బస్సు దిగి వచ్చి బిడ్డకు అన్నం పెడుతుంది. ఆరోజు నుంచి ఎవరింటికీ రావడం మానేసింది. నేను ఈ ఉత్తరం రాయడానికి మొదటి కారణం ఆమే. రెండోది, ఆటిజం ఆనవాళ్లను టీకాల రోజునే అడిగి కనిపెట్టమని అధికారులను కోరడం.

తల్లుల మీద ఈ నింద పాతదే. ఆటిజం గురించి 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లలను గమనించి వివరంగా రాశాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు, తల్లి ప్రేమగా చూడకపోవడం వల్లే పిల్లలు ఇలా తయారవుతారని పెద్ద చదువులు చదివిన వాళ్లే నమ్మారు. ఎంతమంది తల్లులు ఆ మాట మోస్తూ బతికారో! 1977లో ఇంగ్లండులో కవల పిల్లల మీద జరిగిన పరిశోధన ఫలితం వచ్చింది. కనీసం ఒకరికి ఆటిజం ఉన్న జతలనే తీసుకున్నారు. వంశ లక్షణాలు పూర్తిగా ఒకటే అయిన, అచ్చు ఒకేలా ఉండే కవలలు 11 జతలను చూస్తే 4 జతల్లో ఇద్దరికీ ఆటిజం ఉంది. ఒకేలా ఉండని కవలలు 10 జతల్లో మాత్రం ప్రతి జతలోనూ ఒక్కరికే ఉంది. ఇది పుట్టుకతో, వంశంతో ముడిపడిన విషయమని అప్పటి నుంచి తేలుతూ వచ్చింది. మా అమ్మాయి ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ చదివింది. ఈ సంగతులన్నీ నాకు విడమరిచి చెప్పింది తనే.

పసిపిల్లలకు ఫోను ఇవ్వొచ్చని నేను అనడం లేదు. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఫోను చూస్తూ కూర్చున్నంతసేపు బిడ్డకు మనిషి ముఖం దొరకదు, అందుకే వద్దు. కానీ ఆటిజం ఆనవాళ్లు బిడ్డ ఫోను పట్టుకునే వయసుకు ముందే మొదలవుతాయి. అట్లాంటాలో అమి క్లిన్, వారెన్ జోన్స్ అనే పరిశోధకులు పుట్టిన కొద్ది రోజుల నుంచే పిల్లల చూపు ఎటు పోతోందో యంత్రంతో కొలుస్తూ వచ్చారు. 2013లో వాళ్లు ప్రకటించిన ఫలితం ఏమిటంటే, తర్వాత ఆటిజం బయటపడిన పిల్లలు కూడా రెండో నెలలో అందరిలాగే ఎదుటివారి కళ్లలోకి చూశారు. రెండో నెలకూ ఆరో నెలకూ మధ్యన ఆ చూడడం కొంచెం కొంచెంగా తగ్గిపోయింది. ఆరు నెలల బిడ్డకు ఫోను ఎక్కడిది?

ఇంకొక పరిశోధన నా మనసుకు బాగా పట్టింది. 1994లో అమెరికాలోని సియాటిల్‌లో ఇద్దరు పరిశోధకులు పిల్లల మొదటి పుట్టినరోజు వీడియోలు తెప్పించుకుని చూశారు. ఆ పిల్లల్లో సగం మందికి తర్వాత ఆటిజం తేలింది. మిగతా సగం మామూలుగా ఎదిగారు. ఆటిజం ఉన్న పిల్లలు ఆ ఏడాది వయసులోనే చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు తక్కువ చూశారు, వేలు పెట్టి చూపించడం తక్కువ, వస్తువు ఎత్తి "ఇదిగో చూడు" అన్నట్టు చూపడం తక్కువ, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడం తక్కువ. మన ఊళ్లలో కూడా మొదటి పుట్టినరోజుకు షామియానా వేసి, వీడియో తీయించని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. అందులో కేకు చూస్తాం, చుట్టాలను చూస్తాం, బిడ్డ ఎటు చూస్తోందో మాత్రం చూడం.

మనవాళ్లు మాట కోసమే ఎదురుచూస్తారు. బాధంతా ఇక్కడే. మా సెంటరుకు వచ్చిన ఒక పిల్లాడికి ఏడాదిన్నర వయసు. బరువు తూచితే, ఎత్తు కొలిస్తే చార్టులో పచ్చ రంగులోనే ఉన్నాడు. బాలామృతం బాగా తింటాడు. కానీ ఏదైనా కావాలంటే వేలు చూపించడు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ఆ డబ్బా మీద పెడతాడు, ఆమె ముఖం వైపు మాత్రం చూడడు. గిన్నె మూత నేల మీద తిప్పి అది ఆగేదాకా చూస్తాడు, మళ్లీ తిప్పుతాడు. పేరు పెట్టి ఎంత పిలిచినా పలకడు. వీధి చివర ఐస్‌బండి హారన్ వినబడితే మాత్రం పరిగెత్తుతాడు. ఒకసారి డాక్టరుకు చూపించమని వాళ్లకు చెప్పాను. "వాళ్ల నాయనకూ నాలుగేళ్లకే మాటలొచ్చినాయి, మగపిల్లోళ్లకు లేటుగానే వస్తాయిలే" అంది వాళ్ల అవ్వ. నాలుక మీద వస రాశారు. నాలుక కింద నరం కోయించమని ఎవరో చెబితే అక్కడికీ తీసుకెళ్లారు. చేసినదంతా మాట కోసమే. చివరికి ఆటిజం అని తెలిసేసరికి నాలుగేళ్లు దాటిపోయింది. ఆ టెన్షన్‌లో ఉండగా ఒక పెద్ద ఊళ్లోని ప్రైవేటు ఆస్పత్రి మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఎక్కిస్తే మాటలొస్తాయని లక్షల్లో అడిగింది. ఆటిజానికి మూలకణాల చికిత్సను మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు మామూలు వైద్యంగా ఒప్పుకోలేదు. అనుమతి పొందిన పరిశోధనలో తప్ప ఇవ్వకూడదు. ఆ తల్లిదండ్రులు అప్పు కోసం తిరుగుతుండగా ఈ సంగతి చెప్పి ఆపగలిగాం.

ఆడపిల్లల విషయంలో ఇంకా అన్యాయం. ఎవరితో కలవకుండా మూలన కూర్చుని ఒకే ఆట ఆడుకునే ఆడబిడ్డను "బంగారు తల్లి, అల్లరే లేదు" అని మెచ్చుకుంటారు.

మాట కంటే ముందు చూపు, నవ్వు, వేలు వస్తాయి. చందమామను చూపిస్తూ ముద్ద పెట్టే తల్లి చేసే పని ఏమిటో ఆలోచించండి. ఆమె చెయ్యెత్తి పైకి చూపుతుంది, బిడ్డ అటు చూస్తుంది, మళ్లీ తల్లి ముఖం చూసి నవ్వుతుంది. ఇద్దరూ కలిసి ఒకే వస్తువు మీద మనసు పెట్టడం అదే. మాటలు నేర్చుకోవడానికి, ఎదుటివాళ్ల మనసు గ్రహించడానికి పునాది అక్కడ పడుతుందని పిల్లల ఎదుగుదలను పరిశీలించేవాళ్లు చెబుతారు. తొమ్మిది నెలలకు పేరు పిలిస్తే తిరిగి చూడాలి. ఏడాదికి టాటా చెప్పాలి. ఏడాదిన్నరకు, అడగడానికే కాకుండా, తనకు నచ్చిన కాకినో బస్సునో మనకు చూపించడానికి కూడా వేలెత్తాలి. ఇవి చేయని ప్రతి బిడ్డకూ ఆటిజం ఉన్నట్టు కాదు. ముందు వినికిడి పరీక్ష చేయించాలి. చెవి సమస్య తేలితే తిరుపతిలోనే టీటీడీ వారి శ్రవణం ప్రాజెక్టు ఉంది.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పదహారు నెలల నుంచి రెండేళ్లలోపు ప్రతి బిడ్డనూ మీజిల్స్-రుబెల్లా రెండో డోసుకు, డీపీటీ బూస్టరుకు తీసుకొస్తారు. ఆటిజం అనుమానాన్ని గుర్తించడానికి ప్రపంచమంతా వాడే ఇరవై ప్రశ్నల పట్టిక కూడా సరిగ్గా పదహారు నుంచి ముప్పై నెలల పిల్లలకోసమే. బిడ్డ ఎలాగూ మన ముందు ఉంది, తల్లి ఉంది, ఏఎన్‌ఎం, ఆశా, అంగన్‌వాడీ టీచరు ముగ్గురూ ఉన్నారు. టీకా వేశాక కాసేపు కూర్చోమంటాం కదా, ఆ కాసేపట్లో ఆ ఇరవై ప్రశ్నలు అడగొచ్చు. టీకా వల్లే ఆటిజం వస్తుందనే పుకారు కూడా అక్కడే పోవాలి. ఆ పుకారుకు మూలమైన 1998 నాటి వ్యాసాన్ని అచ్చేసిన పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలను పరిశీలించి 2019లో ఏ సంబంధమూ లేదని తేల్చారు.

కాగితం మీద మనకు ఏర్పాట్లు లేకపోలేదు. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు రావాలి, ఎదుగుదల ఆలస్యమైన పిల్లలను జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలి. 2023 నవంబరులో దివ్యాంగ పిల్లల కోసం కేంద్రం అంగన్‌వాడీలకు ప్రత్యేక ప్రోటోకాల్ కూడా ఇచ్చింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఆటిజానికి చోటు దక్కింది. కానీ బరువు తప్పుగా రాస్తే టీచరుకు మెమో వస్తుంది. బిడ్డ వేలెత్తి చూపిస్తోందా లేదా అని ఏ మీటింగులోనూ ఎవరూ అడగరు. అడగని దాన్ని ఎవరు రాస్తారు?

గుర్తించి ఏం చేస్తారు, థెరపిస్టులు ఎక్కడున్నారు అని కొందరు అంటారు. న్యాయమైన ప్రశ్నే. మా ఊరి నుంచి థెరపీ కోసం తిరుపతికి పోవాలంటే తల్లికి ఒక పూట కూలి పోతుంది. దానికి గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ కలిపి చేసిన ఒక పరిశోధన దారి చూపింది. 2016లో దాని ఫలితాలు వచ్చాయి. స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి తల్లిదండ్రుల దగ్గరకు పంపారు. బిడ్డతో ఆడుకుంటుండగా వీడియో తీసి, తల్లితో కలిసి కూర్చుని దాన్నే చూసి, బిడ్డ ఎక్కడ చిన్న సైగ చేసిందో, దానికి తల్లి ఎలా స్పందించవచ్చో మాట్లాడుకున్నారు. తల్లిదండ్రుల స్పందన మెరుగైంది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఆటిజం పోయిందని వాళ్లు చెప్పలేదు, నేనూ చెప్పను. ఆ పిల్లలు వేరే తీరులో ఎదిగే పిల్లలు, వాళ్లను చేరుకునే దారి తల్లికి తెలియాలి. ఆ పని మా అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు చేయగలరు. శిక్షణ ఇవ్వండి, అందుకు సమయం ఇవ్వండి, యాప్‌లలో ఎంట్రీల భారం కొంత తగ్గించండి.

తిరుపతి, చిత్తూరు జిల్లాల కలెక్టర్లకు, వైద్యారోగ్య, స్త్రీ శిశు సంక్షేమ శాఖల అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇదే. ఏదో ఒక మండలంలోనైనా వచ్చే నెల టీకాల రోజు నుంచి మొదలుపెట్టండి. మీకూ ఒక విన్నపం ఉంది. తల్లీబిడ్డల సంరక్షణ కార్డులో ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో ఉంటుంది. ఆ పేజీని పెద్ద అక్షరాలతో మీ జిల్లా ఎడిషన్‌లో ఒక ఆదివారం వేయండి. మా సెంటర్లలో గోడకు అంటించుకుంటాం.

ఇట్లు,
విశ్రాంత అంగన్‌వాడీ టీచరు,
చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా